పద్నాలుగు ముఖాల టోర్నమెంటు

ఆ జిల్లా చదరంగ సంఘంలో చదరంగం ఆడటం వచ్చినవాళ్ళు బహు తక్కువ. అందరూ పదవుల్లో ఉండటం వల్ల ఆట నేర్చుకునే తీరిక ఎవరికీ దొరికేది కాదు. అధ్యక్షులు, గౌరవాధ్యక్షులు, ముగ్గురు ఉపాధ్యక్షులు, కార్యదర్శి, ఆయనకో సహాయ కార్యదర్శి, ఆ సహాయానికి మరో సహాయం, కోశాధికారి, సలహాదారులు, ఇలా లెక్క పెడితే మొత్తం పద్నాలుగు మంది తేలేవారు.

కిందటేడు బహుమతుల సభకు కట్టిన ఫ్లెక్సీలో ఒక ఉపాధ్యక్షుడి ముఖం అధ్యక్షులవారి ముఖం కంటే బొటనవేలంత పెద్దదిగా పడింది. అధ్యక్షులు కంతేటి రంగారాయుడు గారు కారు అద్దం దించి ఆ ఫ్లెక్సీని చూశారు. అద్దం ఎత్తేసి ఇంటికి వెళ్ళిపోయారు. కప్పులు అందించే చెయ్యి లేక గెలిచినవాళ్ళు దీపాలు పెట్టేదాకా కూర్చుని, ఎవరి కప్పు వాళ్ళే చంకన పెట్టుకుని బస్సెక్కారు. ఆ తర్వాత ఆరు నెలలపాటు సంఘం రెండుగా చీలి, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ముఖం గురించే తగాదా కాబట్టి అది సహజమే అనుకోవాలి.

ఆ పరిస్థితి మళ్ళీ రాకూడదని కార్యదర్శి ఆకొండి లక్ష్మీనరసు గారు ఒక తీర్మానం రాశారు. ఆయన తాసిల్దారుగా రిటైరయ్యారు గానీ ఆయన భాష ఇంకా సర్వీసులోనే ఉంది. "సంఘము నుండి వెలువడు ప్రతి కాగితము నందును, అది ఎంత చిన్నదైనను, పదునలుగురు పదాధికారుల ఛాయాచిత్రములు ప్రోటోకాల్ వరుసలో, సమాన పరిమాణములో ముద్రింపబడవలెను. అట్లు ముద్రింపబడని కాగితము కాగితము కాదు." దీన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు. ఊళ్ళో పేరున్న స్టూడియో అతన్ని పిలిపించి, పద్నాలుగు మందికీ నాలుగు రోడ్ల కూడలిలో కట్టే ఫ్లెక్సీకి సరిపడేంత స్పష్టంగా ఫొటోలు తీయించారు. రంగారాయుడు గారి ఫొటోలో మీసం వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు.

ఈ ఏడు జిల్లా పోటీలకు కంప్యూటరు కూడా వచ్చింది. టోర్నమెంట్లు నడపడానికే తయారుచేసిన సాఫ్ట్‌వేరు కొన్నారు. చదరంగం పోటీల్లో ప్రతి రౌండు అయ్యాక ఎవరికి ఎన్ని పాయింట్లో చూసి, సమానంగా ఉన్నవాళ్ళను తర్వాతి రౌండుకు జతలు కట్టాలి. ఆ పని ఇన్నాళ్ళూ చీఫ్ ఆర్బిటర్, అంటే పోటీల పెద్ద తీర్పరి, దిడ్ల సుందరపాల్ మాస్టారు కాగితం మీద చేసేవారు. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు. పోటీలో పని మొత్తం ఆయనే చేస్తారు కనక పద్నాలుగు మందిలో ఆయన లేరు.

సాఫ్ట్‌వేరు వచ్చినందుకు మాస్టారు నిజంగానే సంతోషించారు. ఆ సంతోషం శనివారం ఉదయం దాకా నిలిచింది.

పోటీలు రంగారాయుడు గారి కల్యాణ మండపంలోనే. హాల్లో బల్లల మీద చదరంగం బోర్డులు పరిచారు. ఏసీ ఉన్న గది అదొక్కటే కాబట్టి కంప్యూటరును పెళ్ళికూతురి గదిలో, నిలువుటద్దం ముందు కూర్చోబెట్టారు. మాస్టారు ఆటగాళ్ళ పేర్లన్నీ ఎక్కించి, జతలు కట్టమని మీట నొక్కారు. తెర మధ్యలో చిన్న చక్రం ఒకటి ప్రత్యక్షమై తిరగడం మొదలుపెట్టింది.

ఉప్మా వచ్చింది. తిన్నారు. చక్రం తిరుగుతోంది. కాఫీ వచ్చింది. తాగారు. చక్రం తిరుగుతూనే ఉంది. హాల్లో ఆటగాళ్ళు ముందు బోర్డుల వంక, తర్వాత గడియారాల వంక, ఆపైన పెళ్ళికూతురి గది వంక చూడటం మొదలుపెట్టారు. మామూలుగా ఆ గది వంక పెళ్ళివారు చూసే చూపు అదే.

ఆ చూసేవాళ్ళలో గుబ్బల హైమావతి ఒకతె. మాస్టారు బళ్ళో చదువుకున్న పిల్ల. ఏనుగు తిన్నగా పోతుందనీ శకటు ఏటవాలుగా పోతుందనీ ఆమెకు నేర్పింది ఆయనే. రెండేళ్ళు తిరిగేసరికి ఆయన్నే ఓడించింది. జిల్లా నుంచి రాష్ట్ర పోటీలకు వెళ్ళేది ఒక్కరే. అక్కడ ఆడినట్టు సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. హైమావతికి ఆ కోటాలో వయసు ఈ ఏడాదితో సరి. వచ్చే ఏడు ఎంత బాగా ఆడినా ఇంట్లో కూర్చుని ఆడుకోవడమే. గెలిచినవారి పేరు ఆదివారం సాయంత్రం ఆరు లోపు రాష్ట్ర సంఘానికి మెయిల్లో చేరాలి. అది దాటితే జిల్లా పేరే ఉండదు.

"మాస్టారూ, ఆడతామంటారా ఇవాళ?" అని గుమ్మంలోంచి తొంగి చూసి అడిగింది.

"ఆడతామమ్మా. తిరుగుతోంది," అన్నారు మాస్టారు, చక్రాన్ని చూపించి.

సాంకేతిక ఉపసంఘం కన్వీనరు చిట్టిబాబు వచ్చాడు. ఈయన సలహాదారుల్లో ఒకరు, అధ్యక్షులవారికి స్వయానా బావమరిది. ఊళ్ళో స్టెబిలైజర్ల దుకాణం ఉంది కనక సాంకేతికం ఆయనకు అప్పగించారు. కంప్యూటరు వీపు మీద చెయ్యి వేసి, జ్వరం చూసినట్టు చూశాడు.

"ఓల్టేజీ లేదండి. ఇదంతా ఓల్టేజీ దెబ్బే. మా కొట్లోంచి ఓ స్టెబిలైజరు తెప్పిత్తాను, గుర్రంలా పరిగెడద్ది చూడండి."

స్టెబిలైజరు వచ్చింది. దాని పచ్చ దీపం చక్కగా వెలిగింది. చక్రం అదే తీరుగా తిరిగింది. ఒకటి చాలలేదేమోనని రెండోది తెప్పించారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి రౌండు జతలు బయటికొచ్చాయి. హాల్లో జనం ఈలలు వేశారు. ఆ ఈలలను కార్యదర్శి గారు హర్షధ్వానాలుగా మినిట్స్ పుస్తకంలో రాసుకున్నారు.

మొదటి రౌండు ఆటలు గంటన్నరలో ముగిశాయి. ఫలితాలు ఎక్కించి మాస్టారు మళ్ళీ మీట నొక్కారు. చక్రం మళ్ళీ వచ్చి కూర్చుంది. ఇక లాభం లేదని ఆయన సాఫ్ట్‌వేరు అమ్మిన కంపెనీకి ఫోను చేశారు. అవతల ఓ అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"సార్, ప్రతి ఆటగాడి చీటీకీ ఏవో బొమ్మలు తగిలించినట్టున్నారు. ఏంటవి?"

"మా పెద్దల ఫొటోలమ్మా. ఒక్కో చీటీకి పద్నాలుగు."

"ఎంత సైజు సార్?"

"ఫ్లెక్సీ సైజు."

"ఫ్లెక్సీ అంటే... ఎంత ఫ్లెక్సీ సార్?"

"నాలుగు రోడ్ల కూడలిలో కట్టేదమ్మా."

అవతల కీబోర్డు టకటకలాడింది. తర్వాత ఆ అమ్మాయి చిన్న గొంతుతో, "సార్, జత కట్టిన ప్రతిసారీ అది ఆ ఫొటోలన్నీ మోసుకొస్తోంది. అవి తీసెయ్యండి, చిటికెలో అయిపోతుంది," అంది.

"తీసే వీల్లేదమ్మా."

"ఎందుకు సార్, లాక్ అయిపోయాయా?"

"లాక్ కాదమ్మా, తీర్మానం."

మాస్టారు ఊరుకోలేదు. ఆ ఫైలుకు నకలు తీసి, అందులో ఫొటోలు తొలగించి, మీట నొక్కారు. వేలు పైకి లేచేలోపు జతలు వచ్చేశాయి. ఇదే మాట కార్యవర్గం చెవిన వేద్దామని మేడ మీది గదికి వెళ్ళారు. అక్కడ అందరూ జీడిపప్పు తింటూ కంప్యూటరు గురించి విచారిస్తున్నారు.

మాస్టారు చెప్పింది విన్నాక గదిలో నమిలే చప్పుడు ఆగిపోయింది.

"అంటే," అన్నారు రంగారాయుడు గారు మెల్లగా, "నా ముఖం బరువై కంప్యూటరు కదల్లేకపోతోందంటావు."

"మీ ఒక్కరిదే కాదండి. పద్నాలుగు మందిదీ."

అది ఓదార్పు అనుకుని అన్నారు గానీ, దాంతో మిగతా పదమూడు మందికీ కూడా కోపం వచ్చింది.

"తీసెయ్యక్కర్లేదండి," అన్నారు మాస్టారు వెంటనే సర్దుకుని. "లోపల బరువు తగ్గిద్దాం. కాగితం మీద ఇంతే సైజులో పడతాయి. కంటికి వెంట్రుకవాసి తేడా తెలీదు."

"కంటికి తెలీదు సరే," అన్నాడు చిట్టిబాబు. "లోపల తగ్గినట్టేగా?"

"లోపల తగ్గుతాయి."

రంగారాయుడు గారు తల అడ్డంగా ఊపారు. "నలుగురికీ తెలిసి తగ్గినా పరవాలేదు. లోపల తగ్గితే మనిషికి ఇంకేం మిగుల్తుంది మాస్టారూ?"

కార్యదర్శి గారు గొంతు సవరించుకున్నారు. "కంపెనీ వారి అభిప్రాయము నమోదు చేసుకొనడమైనది. ఛాయాచిత్రముల విషయము పరిశీలన పరిధిలోనికి రాదు. కావున మాంద్యమునకు ఇతర కారణములను అన్వేషించవలసినదిగా సాంకేతిక ఉపసంఘమును కోరడమైనది."

సాంకేతిక ఉపసంఘం అంటే చిట్టిబాబు. ఆయన అన్వేషించి ఇంటిపేర్లు పట్టుకున్నాడు. గోదావరి జిల్లాల ఇంటిపేర్లు మరీ పొడుగ్గా ఉండి కంప్యూటరుకు నోరు తిరగడం లేదన్నాడు. వెంటనే ఇంటిపేర్లు తీసేశారు. దాంతో హాల్లో నలుగురు శ్రీనులు మిగిలారు. రెండో రౌండులో ఒక శ్రీను మీద ఇంకో శ్రీను గెలిచాడు. గెలిచింది ఏ శ్రీనో చెప్పమంటే నలుగురూ చేతులెత్తారు.

తర్వాత ఆయన కన్ను అర పాయింటు మీద పడింది. చదరంగంలో ఆట సమానంగా ముగిస్తే చెరో అర పాయింటు ఇస్తారు. "ఒకట్లు కూడుకోవడం తేలికండి. ఈ అరలు వచ్చేసరికే పాపం దానికి తల తిరుగుతోంది," అన్నాడు. కార్యదర్శి గారు అప్పటికప్పుడు ఉత్తర్వు రాసి హాల్లో చదివి వినిపించారు. "ఆటలు సమానముగా ముగియుట తక్షణమే నిషేధింపబడినది. అట్లు ముగిసినచో, ఉభయులలో వయసున పెద్దవారు గెలిచినట్లు భావింపబడును." అప్పటిదాకా ఓడిపోయే స్థితిలో ఉన్న ఓ రిటైర్డ్ హెడ్మాస్టరు ఆ మాట విని, కళ్ళజోడు తుడుచుకుని, ఎదుటి కుర్రాడితో ఎంతో ఆప్యాయంగా, "సమానం అనుకుందామా బాబూ?" అన్నాడు.

శనివారం గడిచిపోయింది. అయిదు రౌండ్లు అవ్వాల్సిన పోటీలో రెండే అయ్యాయి.

ఆదివారం పొద్దున్నే హైమావతికి ఒక కాగితం అందింది. దాని పైభాగాన పద్నాలుగు ముఖాలు వరుసగా నవ్వుతున్నాయి. కింద ఇలా ఉంది: "తమరు నిన్నటి రెండు ఆటలను అనవసర వేగముతో గెలిచియున్నారు. ఆటలు త్వరగా ముగియుట వలన ఫలితములు ఒక్కుమ్మడిగా కంప్యూటరుపై పడి దానికి శ్రమ కలుగుచున్నది. దీనిపై తమ సంజాయిషీ కోరడమైనది."

"ఏం రాయమంటారు మాస్టారూ?" అంది హైమావతి. నవ్వాలో ఏడవాలో ఆమెకు తేలలేదు.

"ఎదుటివాడు చెత్తగా ఆడాడు, ఇకమీదట జాగ్రత్తపడతానని రాసెయ్యమ్మా."

ఆమె అలాగే రాసిచ్చింది. ఆ సంజాయిషీ సంతృప్తికరంగా ఉందని ఇంకో కాగితం వచ్చింది. దాని మీదా పద్నాలుగు ముఖాలున్నాయి.

చక్రం తిరుగుతూనే ఉంది. పొద్దు నడినెత్తికి వస్తోంది. మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. కల్యాణ మండపంలో ఎవరి పెళ్ళిలోనో మిగిలిన శుభలేఖ ఒకటి దొరికితే, దాని వెనక పెన్నుతో గబగబా జతలు రాసి హాల్లో గోడకు అంటించారు. ఆయన చేతికి ఆ పని ఎప్పటినుంచో అలవాటే. ఆటగాళ్ళు చదువుకుని ఎవరి బల్ల దగ్గర వాళ్ళు కూర్చున్నారు. రెండు రోజుల్లో మొదటిసారి ఆ హాల్లో మాటలు ఆగి, పావులు కదిపే చప్పుడు వినిపించింది.

మొదటి బల్ల మీద హైమావతికి తోరం సత్తిరాజు ఎదురుపడ్డాడు. సహకార బ్యాంకులో క్యాషియరు. మూడేళ్ళుగా జిల్లాలో ఆయన్ని ఓడించినవాళ్ళు లేరు. ఈ రౌండు ఎవరు గెలిస్తే వాళ్ళే ముందుంటారు. ఆట బాగా సాగింది. సత్తిరాజు తన గుర్రాన్ని మరీ ముందుకు తోలాడు. హైమావతి దాన్ని పట్టించుకోకుండా మంత్రిని మూలకు పంపింది. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, రాజును నెమ్మదిగా పక్కకు వాల్చి, "బాగా ఆడేవమ్మా," అని చెయ్యి కలిపాడు.

చుట్టూ మూగిన వాళ్ళు ఇంకా ఆ ఆట గురించి మాట్లాడుకుంటూ ఉండగానే కార్యదర్శి గారు దిగివచ్చారు. గోడ మీది శుభలేఖను ఊడదీసి ముందూ వెనకా చూశారు. అందులో వధూవరుల ఫొటో ఉంది గానీ పదాధికారులు ఒక్కరూ లేరు.

"ఇది కాగితము కాదు," అన్నారు. "కావున దీనిపై ఆధారపడి ఆడిన ఆటలు ఆడబడనట్లు భావించవలెను."

"అదేంటండి, నేను ఓడిపోయేను కదండీ బాబూ!" అన్నాడు సత్తిరాజు. "నా రాజు చచ్చిపోయేడండి. ఇంతమంది చూసేరు."

"తమరు ఓడిపోయినట్లు రికార్డులో లేదు."

"రికార్డులో లేకపోతే మాత్రం, ఓడింది నేనేగా? నాకు తెలీదా?"

"అది తమ వ్యక్తిగత అభిప్రాయము."

హైమావతి లేచి బయటికి వెళ్ళింది. బిందెలోంచి నీళ్ళు ముంచి మొహం కడుక్కుని వచ్చి, ఓ మూల కుర్చీలో కూర్చుంది. మాస్టారు ఆ పిల్ల వంక చూడలేక కంప్యూటరు వంక చూశారు.

మేడ మీద అత్యవసర సమావేశం పెట్టారు. ఈసారి చిట్టిబాబు ఒక పెద్ద రహస్యం కనిపెట్టుకొచ్చాడు. ఆటగాళ్ళు ఎక్కువయ్యే కొద్దీ కంప్యూటరు నెమ్మదిస్తోంది. తగ్గే కొద్దీ వేగంగా పోతోంది. ఆ తగ్గిన ప్రతివాడితో పాటు పద్నాలుగు ఫ్లెక్సీలు తగ్గుతున్నాయని ఆయన గమనించలేదు. గమనించినవాళ్ళు మాట్లాడలేదు.

"వ్యాధి మూలము దొరికినది," అన్నారు కార్యదర్శి గారు. "ఆటగాళ్ళే."

అందరూ పెళ్ళికూతురి గదికి దిగి, వెనకబడ్డ సగం మందిని ప్రజాప్రయోజనాల దృష్ట్యా తొలగించారు. చక్రం కాస్త హుషారుగా తిరిగింది. మిగిలినవాళ్ళలో మళ్ళీ సగం మందిని తొలగించారు. ఇంకాస్త హుషారొచ్చింది. రంగారాయుడు గారి ముఖం వికసించింది. తొలగించినవాళ్ళను ఇళ్ళకు పోనివ్వలేదు. సాయంత్రం ముగింపు సభలో ఆయన ప్రసంగం ఉంది, వినడానికి మనుషులు కావాలి. వాళ్ళంతా హాల్లోనే ఉండిపోయి, చేసేది లేక ఎదురుగా ఎవరు కూర్చుంటే వాళ్ళతో ఆడుకోసాగారు.

"బావగారూ, ఇలా సగం సగం ఎందుకండీ?" అన్నాడు చిట్టిబాబు. "మొత్తం తీసేత్తే పోలా?"

"తర్కబద్ధముగా ఉన్నది," అన్నారు కార్యదర్శి గారు.

మాస్టారు లేచి నిలబడ్డారు. "అయ్యా, ఆటగాళ్ళు లేకుండా టోర్నమెంటు ఏంటండీ? ఆ పిల్ల..."

"పరీక్షార్థము మాత్రమే," అన్నారు కార్యదర్శి గారు.

పరీక్షార్థం తొలగించారు. హైమావతి, సత్తిరాజు, నలుగురు శ్రీనులు, అందరూ పోయారు. మీట నొక్కారు. ఈసారి చక్రం రానేలేదు. యంత్రం ఓసారి గుర్రుమని, తళతళలాడే కాగితం ఒకటి కక్కింది. దాని మీద ఏ పేర్లూ లేవు, ఏ జతలూ లేవు, ఏ పాయింట్లూ లేవు. పద్నాలుగు ముఖాలు మాత్రం మీసాలతో సహా మెరుస్తున్నాయి. పెళ్ళికూతురి గదిలో చప్పట్లు మారుమోగాయి. గౌరవాధ్యక్షులు కళ్ళు తుడుచుకున్నారు. "ఇదండీ టోర్నమెంటంటే!" అన్నారు రంగారాయుడు గారు. ఏ రౌండు ముగిసిందో, ఎవరు గెలిచారో అడగాలని ఎవరికీ తోచలేదు. అంత చక్కగా వచ్చింది కాగితం.

అందరూ మళ్ళీ మేడ మీద జీడిపప్పు దగ్గరికి చేరాక, అయిదు దాటి రాష్ట్ర సంఘం నుంచి ఫోను వచ్చింది. మీ జిల్లా నుంచి ఎవరు ఆడుతున్నారు, పేరు ఇంకా రాలేదు అన్నారు. పేరు పంపని జిల్లాకు రాష్ట్ర సంఘం ఎన్నికల్లో ఓటు కూడా ఉండదని గుర్తు చేశారు. రంగారాయుడు గారు ఆ ఎన్నికల్లో రాష్ట్ర ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నారు. పోస్టర్లు కూడా వేయించారు. ఆయన చేతిలో జీడిపప్పు చేతిలోనే ఉండిపోయింది.

"ఆ హైమావతి పేరు పంపేద్దామండి. ముందున్నది ఆ పిల్లే," అన్నారు మాస్టారు.

"తొలగింపబడినవారి పేరు పంపుటకు నిబంధనలు అంగీకరించవు," అన్నారు కార్యదర్శి గారు. "ఈ కాగితమే అంతిమము. ఇందు ఎవరున్నారో వారినే పంపవలెను."

అందరూ కాగితంలోకి తొంగి చూశారు. అందులో ఉన్నది వాళ్ళే.

ఒక్క క్షణం రంగారాయుడు గారి ఛాతీ ఉప్పొంగింది. "అంటే రాష్ట్రస్థాయికి నేనే..."

"వెళ్ళి ఆడాలండి," అన్నారు మాస్టారు. "బోర్డు ముందు కూర్చుని. వారం రోజులు. బస హాస్టల్లో, చాపల మీద."

ఛాతీ తగ్గింది. రాయుడు గారికి ఆ వారం ముఖ్యమైన శంకుస్థాపన ఉందట. ప్రోటోకాల్ ప్రకారం గౌరవాధ్యక్షుల్ని అడిగారు. ఆయనకు బీపీ. మొదటి ఉపాధ్యక్షుడికి మనవరాలి బారసాల. రెండో ఆయనకు మోకాళ్ళు. మూడో ఆయన ఆ మధ్యే కాశీకి వెళ్ళి ఏదో వదలాలని చదరంగం వదిలేశారట, అంతకుముందు ఆడింది లేకపోయినా. చిట్టిబాబు దగ్గరికి వచ్చేసరికి, "గుర్రం ఎటు పోద్దో నాకు తెలీదండీ బాబూ," అని నిజం ఒప్పేసుకున్నాడు. గడియారం చూసుకునే కొద్దీ అందరికీ చెమటలు పట్టాయి.

అప్పుడు సుందరపాల్ మాస్టారికి ఒక ఆలోచన వచ్చింది. ఆటగాళ్ళను తీసేస్తారు గానీ పదాధికారుల్ని వీళ్ళు ఎన్నటికీ తీయరు. ఇంతకంటే భద్రమైన చోటు ఈ సంఘంలో లేదు. ఆ ఆలోచనకు ఆయనకే రోత పుట్టింది. అయినా నోరు తెరిచారు.

"పదిహేనో పదవి ఒకటి పెట్టండి. గౌరవ మహిళా సలహాదారు. మీలో ఆడవాళ్ళు ఒక్కరూ లేరని రాష్ట్రం వాళ్ళు ఎప్పట్నుంచో దెప్పుతున్నారు. ఆ పదవిలోకి హైమావతిని తీసుకోండి. పదాధికారి కాబట్టి ఫొటో కాగితంలోకి వస్తుంది. కాగితంలో ఉంది కాబట్టి పేరు పంపొచ్చు."

కార్యదర్శి గారు కళ్ళు మూసుకుని, ఆ మాటను నిబంధనల్లో అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. ఎక్కడా అడ్డు తగల్లేదు.

"అతి సముచితము," అన్నారు.

హైమావతిని పైకి పిలిచారు. ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపు మెడలో దండ పడింది, భుజాల మీద శాలువా పడింది, ఎవరో గడ్డం పట్టుకుని కాస్త పైకెత్తి ఫొటో తీశారు. పదిహేనో ముఖం చేరిన కాగితం కంటిరెప్ప పాటులో బయటికొచ్చింది. ఆటగాళ్ళెవరూ లేరు కదా. ఆరు కాకుండానే మెయిల్ వెళ్ళిపోయింది. రంగారాయుడు గారు ఊపిరి పీల్చుకుని, ముగింపు ప్రసంగం కాగితాల కోసం జేబులు వెతుక్కోసాగారు.

మెట్ల దగ్గర హైమావతి మాస్టారిని ఆపింది.

"నేను గెలిచినట్టా మాస్టారూ?"

"గెలిచినట్టు కాదమ్మా. నియమించినట్టు." మాస్టారికి సిగ్గేసింది. పిల్లకు దారి దొరికిందన్న సంతోషమూ కలిగింది. "ఏం చెయ్యనమ్మా, ఇంతకంటే నాకు చేతకాలేదు. ఇంటికెళ్ళి పెట్టె సర్దుకో."

ఆమె తల ఊపి కిందికి దిగింది. హాల్లో యాభై అరవై మంది ఇంకా ఆడుతూనే ఉన్నారు. శాలువాతో, దండతో వస్తున్న ఆమెను చూసి ఒక్కొక్కరే తలలెత్తారు. ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడమే ఆమెకు కష్టమనిపించింది. నేరుగా మొదటి బల్ల దగ్గరికి వెళ్ళి, దండ తీసి కుర్చీకి తగిలించి, శాలువా మడిచి కింద పెట్టింది.

"సత్తిరాజు గారూ, ఆ రద్దయిన ఆట మళ్ళీ ఆడదాం. మీరు గెలిస్తే నేను వెళ్ళను. నా బదులు మిమ్మల్ని పంపమని రాసిస్తాను."

"పిచ్చిదానా!" మాస్టారు పరుగున వచ్చారు. "నీ పేరు వెళ్ళిపోయిందమ్మా. వయసు దాటిపోతుంది. ఇప్పుడీ ఆటెందుకు?"

"పేరు వెళ్ళింది మాస్టారూ. నేనింకా వెళ్ళలేదు."

సత్తిరాజు ఆమె ముఖంలోకి చూశాడు. "నేను ఊరికే ఓడిపోనమ్మా. ముందే చెబుతున్నాను."

"అందుకే కదండీ మిమ్మల్ని అడిగింది."

మాస్టారు గడియారం సరిచేసి బల్ల మీద పెట్టారు. ఆటలన్నీ ఆపేసి జనం చుట్టూ చేరారు. సత్తిరాజు ఈసారి గుర్రాన్ని తొందరగా తోలలేదు. ఒక్కో బంటునూ ఆలోచించి జరిపాడు. నడుమ ఓసారి హైమావతి ఏనుగు ఒకటి ఊరికే పోయింది. చూసేవాళ్ళు అయ్యో అన్నారు. మాస్టారు కళ్ళు మూసేసుకున్నారు. ఆ పిల్ల చెమట పట్టిన అరచేతులు చున్నీకి తుడుచుకుని, మిగిలిన ఏనుగుతోనూ ఒక్క శకటుతోనూ అల్లుకుంటూ వచ్చి, చివరికి సత్తిరాజు రాజును అతని బంట్ల మధ్యనే ఊపిరాడకుండా పట్టేసింది.

సత్తిరాజు లేచి నిలబడి, రెండు చేతులూ జోడించాడు. "ఇప్పుడు రాసుకోండి రికార్డులో," అన్నాడు గట్టిగా.

హాలు దద్దరిల్లేలా చప్పట్లు పడ్డాయి. ఈలలు వేశారు. బల్లలు చరిచారు. నలుగురు శ్రీనులు ఒకరినొకరు కావలించుకున్నారు. మాస్టారు ఏడ్చేశారు, దాచుకోలేదు కూడా.

ఆ చప్పట్లు మేడ మీదికి వినిపించాయి. రంగారాయుడు గారు మీసం సవరించుకుని, ప్రసంగం కాగితాలతో గబగబా దిగి వచ్చి, నేరుగా వేదికెక్కి మైకు ముందు నిలబడి, చప్పట్లు ఆగేదాకా నవ్వుతూ అన్ని దిక్కులకూ నమస్కారాలు పెట్టారు. ఆ ఆదరణకు తాను అర్హుణ్ణి కానని కూడా అన్నారు. ఎవరూ ఆయన మాటను కాదనలేదు. హైమావతి తల వంచుకుని పావులు ఒక్కొక్కటే పెట్టెలో సర్దుకుంటోంది.